కప్పే చెబుద్ది

కనుమనాడు కోనసీమలో జగ్గన్నతోట ప్రభల తీర్థంలో బండి తాళంచెవి పోయింది. గంగలకుర్రు ప్రభలు కౌశిక కాలువ దాటుతుంటే చూస్తూ జేబు సంగతే మరిచాను. అంతమంది తొక్కిన వరిచేలో వెతికితే దొరుకుతుందా?

అమలాపురం నుంచి తాళాలాయన వచ్చాడు. "పాతది లేదు, ఎలా చేస్తారు?" అన్నాను. "కప్పే చెబుద్దండి, ఆయ్" అన్నాడు.

చెప్పింది కూడా. గాళ్లు కొయ్యని ఇత్తడి తాళంచెవిని బండి తాళంకప్ప లోపల పెట్టి, బిగబట్టి అటూ ఇటూ కదిపాడు. లోపలి సన్నని రేకులు అడ్డుపడ్డచోట మసక గీత పడుతుంది. దాన్ని ఎండకేసి చూసి, సరిగ్గా ఆ గీత మీదే ఆకురాయితో రెండుసార్లు రాసి, మళ్లీ లోపలికి. రేకు సరైన ఎత్తుకు చేరితే ఇక అక్కడ గీత పడదు. ఆగాల్సిందీ అక్కడే, ఒక్క రాపిడి ఎక్కువైతే ఆ ముక్క పనికిరాదు. మెషీను ఉన్నదానికి నకలు తీస్తుంది గానీ, పోయినదాన్ని ఊహించలేదు కదా!

అరగంటకి కప్ప తిరిగింది. దాన్ని చూసి రెండోది చేయడం నిమిషాల పని.

కొత్త బండితో ఇచ్చే రెండో తాళంచెవి, తాళంచెవి నంబరున్న బిళ్ల ఇంట్లో దాచుకోండి. మీ ఊరి తాళాలాయన ఫోన్ నంబరు కూడా.