సందులో మెరుపు

కొత్వాల్‌గూడలో ఔటర్ రింగు రోడ్డు సర్వీసు దారిని ఆనుకొని ఒక రేకుల షెడ్డు. దాని ముందు సీటు పైకి లేపి పెట్టిన చిన్న ట్రాలీ బండి. సీటు కిందే ఇంజిను. మీటరు 2,40,000 కిలోమీటర్లు దాటింది. నా పుస్తకాలూ బీరువాలూ ఎక్కించుకొని హిమాయత్‌సాగర్ మీదుగా వస్తూ, దారి ఎత్తయిన ప్రతిచోటా అది ఎక్కిళ్లు పెట్టింది. "మిస్ కొడ్తుంది సార్. ప్లగ్గులు అయిపోయినట్టున్నయి" అని డ్రైవరన్న ఇక్కడ ఆపేశాడు. విసుక్కుంటూ స్టూలు లాక్కొని కూర్చున్నవాణ్ని, గంట తిరిగేసరికి లేవబుద్ధి కాలేదు. నాలుగు స్పార్కు ప్లగ్గులు విప్పి నాలుగు కొత్తవి బిగించడంలో ఇంత సొగసు ఉంటుందని ఏ అలంకారశాస్త్రమూ నాకు చెప్పలేదు.

మన రోడ్ల మీద సరుకు మోసే చిన్న బళ్లలో డీజిలువి చాలా ఉన్నాయి. 2005లో వచ్చి 'చోటా హాథీ'గా పేరుపడ్డ టాటా ఏస్ కూడా మొదట రెండు సిలిండర్ల డీజిలు ఇంజినుతోనే వచ్చింది. డీజిలుకు నిప్పు పెట్టేవాళ్లు అక్కర్లేదు. గాలిని పదిహేను ఇరవై రెట్లు కుదించి నొక్కితే పుట్టే వేడికే నూనె భగ్గుమంటుంది. పెట్రోలూ సీఎన్‌జీ అలా లొంగవు. వాటికి ప్రతిసారీ ఒకరు వెలిగించాలి. మా బండి ఆ రెండింటి మీదా నడిచేది. కనుక దానికి నాలుగు ప్లగ్గులు, ఆ ప్లగ్గులకొక ఉస్తాద్.

ఉస్తాద్ మొదట ఏమీ చేయలేదు. ఇంజిను మీద అరచెయ్యి ఆనించి చూసి, చాయ్ తెప్పించుకున్నాడు. "వేడి మీద ముట్టద్దు. చల్లారనియ్యి" అన్నాడు పక్కనున్న పోరడితో. ప్లగ్గు ఒళ్లు ఉక్కు, అది బిగిసి కూర్చున్న చోటు అల్యూమినియం. వేడి మీద అల్యూమినియం మెత్తన. తొందరపడి తిప్పితే మరలు ప్లగ్గుతోపాటే ఊడొస్తాయి. రెండొందల రూపాయల ప్లగ్గు కోసం మొత్తం హెడ్డు దింపుకోవలసి వస్తుంది. పాటకు ముందు తంబూరా శ్రుతి చేసుకునేంత సేపూ సభ ఓపిక పట్టినట్టు, అందరం పట్టాం.

చల్లారాక కాయిళ్లు లాగి పక్కన పెట్టి, గాలిగొట్టంతో ప్లగ్గు గుంటల్లోకి ఊదాడు. ఇన్నేళ్ల దుమ్ము బుస్సుమని లేచింది. "ఇప్పుడే ఊదాలె. విప్పినంక ఊదితే గీ దుమ్మంత సిలిండర్ల పడ్తది." ఒక పని ముందు ఉండాలా వెనక ఉండాలా అన్నది ఎంత పెద్ద సంగతో ఆ ఒక్క మాటలో ఉంది. తర్వాత పొడుగాటి ప్లగ్గు పానా లోపలికి దింపాడు. అడుగున అది ఆరు పలకల మీద కూర్చున్న 'టక్కు' వినిపించింది. పిడికి బరువిచ్చాడు. కదల్లేదు. ఇంకాస్త. కిర్రుమని ఒక చిన్న మూలుగు, అంతే, బిగువంతా ఒక్కసారి సడలిపోయింది. అక్కణ్నుంచి రెండు వేళ్లతో తిప్పాడు. పట్టు ఎప్పుడు వదులుతుందో చేతికి ముందే తెలిసినట్టు, ఆ సడలిన క్షణంలో అతని భుజం ముందుకు తూలలేదు. అభ్యాసం అంటే ఏమిటో చూడాలంటే ఆ తూలని భుజాన్ని చూడాలి.

ప్లగ్గును నా అరచేతిలో పెట్టాడు. వేలెడంత వస్తువు. పై భాగం తెల్లటి పింగాణీలా నున్నగా, మడతలు మడతలుగా ఉంది. అది అల్యూమినా. కరెంటు స్తంభం మీది పింగాణీ బుడ్లకు మడతలు ఎందుకున్నాయో దీనికీ అందుకే ఉన్నాయి: లోపల పోవలసిన కరెంటు బయటి ఒంటి మీదుగా జారిపోకుండా దాని దారిని పొడుగు చేయడానికి. ఈ మడతలు వంపుల కోసం చెక్కినవి కావు, కానీ ఏ శిల్పీ వాటిని దిద్దనక్కర్లేదు. మధ్యన ఉక్కు నడికట్టు, దాని కింద సన్నటి మరలు, ఆ చివర కొక్కెంలా వంగి మధ్య కడ్డీ మీద గొడుగు పట్టిన చిన్న లోహపు ముక్క. ఆ కొక్కేనికీ ఆ కడ్డీకీ మధ్య ఒక సందు.

ఈ సందు దగ్గరే నేను ఆగిపోయాను. దుకాణంలో మనం కొంటున్నది లోహాన్నని అనుకుంటాం. నిజానికి కొంటున్నది ఈ సందును. ఉక్కూ, నికెలూ, పింగాణీ, మరలూ అన్నీ మిల్లీమీటరు అటూ ఇటూగా ఉండే ఒక ఖాళీని పట్టి ఉంచడానికి కట్టిన చట్రం. బ్యాటరీలోని 12 వోల్టులను కాయిలు వేల వోల్టులకు, అవసరమైతే ఇరవై వేలు దాటించి, ఎత్తి ఇక్కడికి తోస్తుంది. దారి లేని చోట దారి చేసుకొని కరెంటు దూకుతుంది. ఆ దూకుడే మెరుపు. కొక్కెం కడ్డీకి తగిలితే మెరుపు లేదు. మరీ ఎడమైతే మెరుపు లేదు. ఆనందవర్ధనుడు కావ్యానికి ఆత్మ ధ్వని అన్నాడు: మాట చెప్పిన అర్థంలో కాక, చెప్పీ చెప్పని ఎడంలో వెలిగేది. చెప్పిందే చెప్పి ఎడం లేకుండా చేసిన పద్యం చల్లగా ఉంటుంది, అర్థానికి అందనంత ఎడం పెట్టిన పద్యం అంటుకోదు. తొమ్మిదో శతాబ్దపు కాశ్మీర పండితుడికి ప్లగ్గు తెలియదు. తెలిసి ఉంటే ఉదాహరణగా వాడుకొనేవాడనే నా నమ్మకం.

మా నాన్న స్కూటరు డిక్కీలో ఒక స్పేరు ప్లగ్గు, ఒక పానా, గరుకు కాగితం ముక్క ఎప్పుడూ ఉండేవి. రెండు స్ట్రోకుల బండి, పెట్రోల్లో ఆయిలు కలిపి పోయాలి, ప్లగ్గుకు మసి పట్టడం ఖాయం. ఆదివారం పొద్దున అరుగు మీద కూర్చొని ఆయన ప్లగ్గు రుద్దుతుంటే మాకది సంధ్యావందనంలా కనిపించేది. ప్లగ్గంటే అప్పుడు మైకో. 1951లో పుట్టిన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ అది. 2008లో బాష్ అని పేరు మార్చుకుంది. దాని మాతృసంస్థ అయిన బాష్ ఇంజనీరు గాట్‌లోబ్ హోనోల్డే 1902లో హైవోల్టేజి మాగ్నెటోనూ దానికి తగ్గ ప్లగ్గునూ తయారుచేసి మోటారు బండికి నమ్మకమైన నిప్పు ఇచ్చాడు. అంతా రుద్దాక నాన్న కొక్కేన్ని నేలకు మెల్లగా తట్టి, ఒక కన్ను మూసి వెలుతుర్లో సందు చూసుకొనేవాడు. ఆయన ఏం చూస్తున్నాడో నలభై ఏళ్లకు కొత్వాల్‌గూడలో నాకు అర్థమైంది.

ఉస్తాద్ ఫీలర్ గేజి రేకులు విప్పి సందు కొలిచాడు. ఒక మిల్లీమీటరు లోపు ఉండాల్సింది మిల్లీమీటరు దాటి ఇంకో మూడు పాయింట్లు తెరుచుకుంది. లెక్క వేసుకున్నాను. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఇంజిను నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుందనుకుంటే, ఒక్కో సిలిండరులో రెండు చుట్లకొకసారి మంట, అంటే కిలోమీటరుకు 1,500. ఈ ప్లగ్గులు వేసి 60,000 కిలోమీటర్లయిందట. తొమ్మిది కోట్ల మెరుపులు. ప్రతి మెరుపూ పోతూ పోతూ కంటికానని లోహపు నలుసును ఎత్తుకుపోయింది. తనను వెలిగించిన అంచును మెరుపే కొరుక్కు తిన్నది. కరెంటుకు పదునైన అంచు ఇష్టం, మొనల నుంచే సులువుగా దూకుతుంది. ఇప్పుడా అంచులు సబ్బుబిళ్లలా అరిగి గుండ్రబడ్డాయి.

ఎక్కిళ్లు ఎత్తు మీదే ఎందుకో కూడా ఇక్కడే తేలింది. బరువుతో ఎక్కేటప్పుడు సిలిండరులో మిశ్రమం మరింత ఒత్తుకొని చిక్కబడుతుంది. చిక్కటి గాలిని చీల్చుకొని దూకడానికి కరెంటుకు ఇంకా బలం కావాలి. చదునులో ఎలాగో దాటేసిన సందును ఎత్తులో దాటలేకపోయింది. పైగా సీఎన్‌జీని వెలిగించడానికి పెట్రోలుకన్నా ఎక్కువ వోల్టేజి పడుతుంది. మూడు పాయింట్ల ఖాళీ టన్నుకు దగ్గరగా ఉన్న నా పుస్తకాలను దారి మధ్యలో ఆపింది. 1927 నుంచి ఈసా నదిని పట్టి ఉంచిన హిమాయత్‌సాగర్‌కు 17 గేట్లున్నాయి. వానాకాలంలో ఒక్క గేటు ఒక్క అడుగు లేపినా కింద ఊళ్లకు కబురు పోతుంది. ఖాళీని కొలవడం ఈ చుట్టుపక్కల వాళ్లకు కొత్త విద్య కాదు.

నాలుగు ప్లగ్గులనూ వరస తప్పకుండా గుడ్డ మీద పేర్చి, ఉస్తాద్ పోరణ్ని పిలిచాడు.

"ఏం కనబడ్తుందిరా?"

"మసి, ఉస్తాద్."

"మసి గాదు. మంచిగ చూడు."

ఇక ఆయన చదవడం మొదలుపెట్టాడు. ఒకటీ రెండూ లేత గోధుమరంగు, ఆరిన మట్టిలా. ఆరోగ్యం. ప్లగ్గు కొన సుమారు 500 నుంచి 850 డిగ్రీల మధ్య వేడిలో ఉంటే తన మసిని తానే కాల్చుకుంటుంది. ఆ రంగు దానికి గుర్తు. మూడోది నల్లగా, తడిగా, వేలికి జిడ్డంటింది. "గిది ఆయిల్ తాగుతుంది. ఇప్పటికి నడుస్తది. ఇంజిన్ పని పడ్తది మల్ల, పైసలు జమ చేస్కో" అని డ్రైవరన్నకు చెప్పాడు. నాలుగోది అందరికన్నా ఎక్కువ అరిగింది. దాని పింగాణీ మీద, ఉక్కుతో కలిసే చోట చుట్టూ ఒక లేత గోధుమ పట్టీ. పోరడు దాన్నే చూపించి, "ఇక్కడ లీకైంది ఉస్తాద్" అన్నాడు గెలిచినట్టు. ఆయన నవ్వాడు. "లీకు గాదు బిడ్డా. కరెంటు చుట్టూర ఉన్న ఆయిల్ తుంపర్లను గుంజుకుంటది. మరక, అంతే." కరోనా మరక అంటారు దాన్ని. మరకకూ జబ్బుకూ తేడా తెలియనివాడు ప్లగ్గునే కాదు, ఏ కవినీ చదవలేడు.

అప్పుడే తలమీదుగా ఒక విమానం శంషాబాద్ వైపు దిగుతూ పోయింది. 2008లో విమానాశ్రయం వచ్చినప్పటినుంచీ ఈ ఊరి ఆకాశం ఇలాగే మోగుతుంది. విచిత్రం చూడండి. ఆ జెట్ ఇంజిన్లలోనూ నిప్పురవ్వ ఇచ్చే ఇగ్నైటర్లుంటాయి. కానీ స్టార్టింగులో ఒకసారి అంటించాక మంట తనంత తాను మండుతూనే ఉంటుంది; జోరువానలోనో మరో కష్టంలోనో ఆరకుండా జాగ్రత్తకు తప్ప రవ్వతో పని పడదు. కింద ఈ ముసలి ట్రాలీకి ఆ భాగ్యం లేదు. సెకనుకు పాతికసార్లు ప్రతి సిలిండరులో ఆరిపోవాలి, మళ్లీ వెలగాలి. నిన్న వెలిగిన మంట ఇవాళ్టికి పనికిరాదు. ఒకసారి అంటుకొని ఖండాలు దాటే వెలుగు గొప్పదే. కానీ నా మనసు మాత్రం క్షణక్షణం కొత్తగా పుట్టవలసిన ఈ చిన్న మెరుపు వైపే మొగ్గింది.

కొత్త ప్లగ్గుల సందును కూడా ఉస్తాద్ నమ్మలేదు, కొలిచాడు. తర్వాత చేసిన పని నన్ను ముగ్ధుణ్ని చేసింది. జానెడు పెట్రోలు పైపు ముక్క తీసి ప్లగ్గు తలకు తొడిగి, దాన్ని పట్టుకొని గుంటలోకి దింపాడు. ముందు వెనక్కి తిప్పాడు. మర మొదలు మీద మర మొదలు పడిన చిన్న 'టిక్కు' రాగానే ముందుకు మళ్లించాడు. మర వంకరగా ఎక్కితే రబ్బరు పైపు జారిపోతుంది, అల్యూమినియం చెడదు. బలం పనికిరాని చోట బలహీనమైన పనిముట్టును ఎంచుకోవడంలో ఎంత రసజ్ఞత! పైపు ఇక తిరగనన్నాక పానా పెట్టి సుమారు అర తిప్పు. వాషరు నలిగి కూర్చున్నట్టు చేతికి తెలిసింది, ఆగాడు. తక్కువైతే వేడి బయటికి పోక ప్లగ్గు మాడుతుంది, ఎక్కువైతే మరలు చస్తాయి. మరో ఆలంకారికుడు క్షేమేంద్రుడు కావ్యానికి ఔచిత్యమే ప్రాణమన్నాడు. ఆ ఔచిత్యం కొలత ఇక్కడ అర తిప్పు.

కాయిళ్లు కూర్చోబెట్టి, సీటు దించకుండానే తాళం తిప్పమన్నాడు. ఇంజిను ఒక్కసారికే అందుకుంది. ఇందాకటి బండి చప్పుడులో నాలుగో అక్షరం మింగేసిన నత్తి ఉండేది. ఇప్పుడు చతురశ్ర గతి తప్పకుండా నాలుగూ పలుకుతున్నాయి. డ్రైవరన్న ఏమీ అనలేదు, స్టీరింగు మీద వేళ్లతో తాళం వేశాడు.

పాత ప్లగ్గులను పారేయమని పోరడికిచ్చాడు ఉస్తాద్. షెడ్డు మూల పెయింటు డబ్బా నిండా ఎన్నో బళ్ల ప్లగ్గులు. పోరడు మా మూడో ప్లగ్గును వేయబోయి ఆగాడు. డబ్బాలోంచి ఒకటి తీసి పక్కన పెట్టి చూశాడు, అంగీకి తుడిచి మళ్లీ చూశాడు. "గిది గూడ ఆయిల్ తాగిందే" అన్నాడు తనలో తాను. ఇంకొకటి తీశాడు. "గిది తెల్లగైంది. బండి బాగ వేడెక్కింది." తర్వాత ఇంకొకటి. ఉస్తాద్ వింటున్నాడు గానీ తల తిప్పలేదు. అంతలో సర్వీసు రోడ్డు మీంచి మరో ట్రాలీ ఎక్కిళ్లు పెడుతూ వచ్చి ఆగింది. ఆయన లేవలేదు. చాయ్ గ్లాసు అందుకొని, పానాను పోరడి వైపు చాచాడు.