కొండను పట్టుకున్న గోడలు

ఇటలీలోని చింక్వె తెర్రెకి వెళ్లొచ్చిన వాళ్ల ఫోన్లలో తప్పకుండా ఒక ఫొటో ఉంటుంది. సముద్రం అంచున ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కినట్టుండే రంగురంగుల ఇళ్లు. ఆ ఇళ్ల వెనక కొండంతా అడ్డగీతలు కనిపిస్తాయి. అవి రాతి గోడలు. సెలవు పెట్టుకుని అంతదూరం వెళ్లేది ముందు వాటిని చూడడానికే అంటాను నేను.

చింక్వె తెర్రె అంటే లిగూరియా తీరంలోని ఐదు ఊళ్లు: మాంటెరొస్సో, వెర్నాజ్జా, కొర్నీలియా, మనరోలా, రియొమజ్జోరె. అక్కడ చదును నేల లేదనే చెప్పాలి. కొండ నిటారుగా సముద్రంలోకి దిగిపోతుంది. తరతరాల రైతులు ఆ వాలును తవ్వి, అందులో దొరికిన రాళ్లనే గోడలుగా పేర్చి, వెనక మట్టి నింపి, మెట్లుమెట్లుగా ద్రాక్ష మడులు చేసుకున్నారు. 1997లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది ఇలా మనిషి చేతుల్లో తయారైన నేలే.

రైలు దిగి రేవు చుట్టూ తిరిగి, ఐస్‌క్రీం తిని మళ్లీ రైలెక్కితే ఇదేదీ తెలియదు. మనరోలా నుంచి పైనున్న వోలాస్త్రాకి వెళ్లాలి. బస్సుంది, ఓపికుంటే మెట్లదారి కూడా ఉంది. అక్కడినుంచి కొర్నీలియాకు దిగే కాలిబాట ద్రాక్షతోటల మధ్యనుంచే పోతుంది. ఒక పక్క భుజానికి తగిలేంత దగ్గర్లో గోడ, రెండో పక్క కింది మడిలోని తీగలు, ఆ కింద సముద్రం. పందిళ్లు చాలాచోట్ల నడుమెత్తు కూడా ఉండవు. ఉప్పుగాలికి తీగ తట్టుకోవాలని అంత కిందికి కట్టారు. కాయ కోసేవాళ్లు వంగి పాక్కుంటూ పోవాల్సిందే.

ఆ దారిలో ఒక మేస్త్రి కూలిన గోడను మళ్లీ కడుతుంటే చాలాసేపు నిలబడిపోయాను. సున్నం లేదు, సిమెంటు లేదు. రాయిని చేతిలో అటూ ఇటూ తిప్పి, దాని ముఖం ఏదో తేల్చుకుని, కూర్చోబెట్టి, సుత్తితో ఒక్కసారి తట్టాడు. కదిలింది. తీసి పక్కన పెట్టి ఇంకోటి అందుకున్నాడు. సందుల్లో చిన్న చిన్న రాతిపెచ్చులు బిగించాడు. గోడ వెనక, మట్టికి ముందు, గులకరాళ్ల పొర నింపాడు. అసలు పని చేసేది ఆ పొరే. వాననీరు దాన్లోంచి దిగి గోడ సందుల్లోంచి బయటికి కారిపోతుంది. దారి లేకుండా మూసేస్తే నీరు లోపలే నిలిచి, బరువుకు గోడ పొట్ట ఉబ్బి కూలుతుంది.

తోటలు వదిలి కుర్రవాళ్లు పట్నాలకు పోయాక ఈ గోడల్ని చూసే దిక్కు తగ్గింది. చూడని గోడ కూలుతుంది, కూలినచోట మట్టి జారుతుంది. 2011 అక్టోబరు 25న కుండపోత వానకు వెర్నాజ్జా, మాంటెరొస్సో వీధులు బురదలో కూరుకుపోయాయి. మనుషులు ప్రాణాలు కోల్పోయారు. ఆ వానను ఏ గోడా పూర్తిగా ఆపగలిగేది కాదు. అయినా పైన మడులు బాగుంటేనే కింద ఊరికి భద్రత అన్నది ఆ కొండవాళ్లకు తెలిసిన సంగతి. 2018లో యునెస్కో ఈ గోడ కట్టే విద్యను కూడా ఇటలీతో సహా ఎనిమిది దేశాల వారసత్వంగా గుర్తించింది. మనరోలా పైన పాడుబడ్డ మడులను బాగుచేస్తూ కొత్తవాళ్లకు ఈ పని నేర్పుతున్నారు. నాకు అన్నిటికన్నా ధైర్యమిచ్చే కబురు అదే.

రాత్రికి అక్కడే బస చేసి, భోజనం చివర చిన్న గ్లాసుడు షక్కెత్రా అడగండి. బోస్కో, అల్బరోలా, వెర్మెంతీనో ద్రాక్షలను కోశాక గాలాడే నీడలో వారాల తరబడి ఆరబెట్టి, ముడతలు పడ్డాక రసం పిండి చేసే తియ్యటి వైను అది. కాయలో నీరు ఇగిరిపోగా మిగిలే రసం కొద్దిపాటే. ధర ఎక్కువే, బేరమాడకండి. ఒకప్పుడు ఆ కాయను ఆడవాళ్లు గంపలతో నెత్తిన మోసి దింపేవారు. ఇప్పుడు కొన్ని వాలుల మీద పళ్లచక్రంతో నడిచే బుల్లి రైలుపెట్టెలున్నాయి, మిగతాచోట్ల ఇంకా మనిషి వీపే.

వెళ్తే సెప్టెంబరులో, కోతలప్పుడు వెళ్లండి. గట్టి బూట్లు వేసుకోండి. ఫొటో కోసం గోడ మీదికి మాత్రం ఎక్కకండి. పైవరసలో ఒక్క రాయి జారితే, వచ్చే వానకు దాని కింది మడి కూడా పోతుంది.