సీనియర్ ఫోల్డర్‌లో పోయిన ఫిజిక్స్

ఈ వారం నా మనసు చివుక్కుమనిపించింది ఒక ఎర్రర్ మెసేజీ. సెలవులకు ఎ.కొండూరు వచ్చిన పక్క తండా కుర్రాడు ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టాడు. కణ భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాడు. "డేటా ఉంది మాస్టారూ, కోడూ ఉంది. రన్ అవట్లేదు" అన్నాడు. ఫలానా ఫైలు దొరకలేదంటోంది యంత్రం. ఆ ఫైలు ఉండాల్సింది ఓ సీనియర్ సొంత ఫోల్డర్‌లో. ఆయన థీసిస్ ఇచ్చేసి ఉద్యోగానికి వెళ్లిపోయాడు. అకౌంటు మూసేశారు, ఫోల్డర్ తుడిచేశారు. అందులో ఉన్నది డిటెక్టర్ కొలతల్ని సరిదిద్దే అంకెల పట్టీ. అది లేకపోతే పైయాన్ కణం ఏదో, కేయాన్ కణం ఏదో ఎంత కచ్చితంగా విడదీశామో చెప్పలేం. ఇప్పుడు దాన్ని మొదట్నుంచీ మళ్లీ కట్టుకొస్తున్నాడు పాపం.

కాగితం మీద నాకున్న మమకారం ఈ శీర్షిక చదివేవాళ్లకు తెలిసిందే. ముఖ్యమైనదేదైనా ప్రింటు తీసి బీరువాలో పెట్టుకోండని ఎన్నిసార్లు పోరానో! అందుకే వాడికి జేడ్ కథ చెప్పాను. జర్మనీలోని హాంబర్గ్‌లో 1979 నుంచి 1986 వరకు నడిచిన ప్రయోగం అది. 1990ల చివర్లో, కొత్త సిద్ధాంతాల వెలుగులో ఆ డేటాను మళ్లీ విశ్లేషించాలనుకున్నారు. క్వార్కుల్ని పట్టి ఉంచే బలం శక్తిని బట్టి ఎలా మారుతుందో తేల్చడానికి ఆ తక్కువ శక్తి దగ్గరి కొలతలు కావాలి. తీరా చూస్తే ఎన్ని ఢీలు జరిగాయో లెక్కగట్టే ల్యూమినాసిటీ ఫైలు లేదు. యాన్ ఓల్సన్ అనే శాస్త్రవేత్త తన గది ఖాళీ చేస్తుంటే దాని ప్రింటవుట్ బయటపడింది. ఆకుపచ్చ రీసైకిల్ కాగితం కావడంతో స్కానింగ్‌కు పనికిరాలేదు. ఆఖెన్‌లో ఒక సెక్రటరీ నాలుగు వారాలు కూర్చుని ఆ అంకెలన్నీ టైపు చేసింది. ఆమె పేరు కూడా ఫిజిక్స్ చరిత్రలో ఉండాలని నా అభిప్రాయం.

కాగితం నిలబెట్టిన కథ మన పొరుగునే, కోలారులోనూ ఉంది. తెలుగు బాగా వినిపించే ఆ జిల్లాలోని బంగారు గనిలో, రెండు కిలోమీటర్లకు పైగా లోతున, 1965లో వాతావరణ న్యూట్రినోల జాడ పట్టారు. ఆ సంగతి ప్రకటించిన పరిశోధన పత్రం రాసినవాళ్లలో ఎం.జి.కె. మీనన్, బి.వి. శ్రీకంఠన్‌లతో పాటు వి.ఎస్. నరసింహం, పి.వి. రమణమూర్తి ఉన్నారు. తర్వాత అక్కడే కొన్ని వింత ఘటనలు కనిపించాయి. కణాల జాడలు డిటెక్టర్ పక్కనున్న గాలిలోంచే మొదలైనట్టు ఉన్నాయి. వాటిని 2013లో జి. రాజశేఖరన్, ఎం.వి.ఎన్. మూర్తి మళ్లీ చర్చకు తెచ్చి, కృష్ణ పదార్థం సంగతేమోనని అడిగారు. ప్రచురించిన పాత పత్రాలు ఉండబట్టే ఆ ప్రశ్న వేయగలిగారు.

ఇక్కడిదాకా కాగితానిదే గెలుపు. కానీ ఆ రాత్రి నాకు కరణంగారి దస్త్రం గుర్తొచ్చింది. 1984లో కరణం, మునసబు వ్యవస్థ రద్దయ్యాక ఊళ్లలో ఎన్నో దస్త్రాలు చేతులు మారాయి. నా చిన్నప్పుడు చూసిన ఒక పుస్తకం ఇంకా కళ్లకు కట్టినట్టుంది: ఎర్ర గుడ్డ మూట, పక్కన ఎండిన సిరాబుడ్డి, పుటల నిండా గొలుసుకట్టు రాత. అక్షరానికి అక్షరం అతుక్కుపోయి ఉండేది. సర్వే నంబర్లు, శిస్తులు, ఎవరి గట్టు ఎక్కడో అన్నీ ఉన్నాయి. చదివేవాళ్లు లేరు. కాలవ పక్క పొలం తగాదా వచ్చినప్పుడు, కరణంగారి దగ్గర చిన్నతనంలో రాతకోతలు చేసిన ఒక ముసలాయన్ని మంచంతో సహా మోసుకొచ్చి చదివించారు. ఆయన బతికున్నన్నాళ్లే ఆ దస్త్రం కూడా బతికుంది.

జేడ్ సంగతీ అంతే. కాగితం అంకెల్ని కాపాడింది. ఆ అంకెల్ని వాడే ప్రోగ్రాములు పాత ఐబీఎం యంత్రాల కోసం ఫోర్‌ట్రాన్‌లో, దాని మాండలికాల్లో రాసినవి. తెలిసినవాళ్లు పూనుకుని కొత్త యంత్రాల మీద నడిపించబట్టే డేటాకు ప్రాణం వచ్చింది. కోలారు ఘటనల మీద ప్రశ్న వేయగలిగారు గానీ, ఆ విశ్లేషణను మీట నొక్కి మళ్లీ నడపడం కుదరదు.

దీనికి పనిచేస్తున్న మార్గం జపాన్‌లో ఉంది. సుకుబాలో బెల్ ప్రయోగం 1999 నుంచి 2010 వరకు డేటా తీసింది. దాని తర్వాతి బెల్-2లో కంది దగ్గరి ఐఐటీ హైదరాబాద్ కూడా భాగస్వామి. పాత డేటాను కొత్త సాఫ్ట్‌వేర్ చదివే రూపంలోకి మార్చడానికి బీటుబీటు అనే మార్పిడి ప్రోగ్రాం రాసుకున్నారు. పాత పద్ధతిలో, కొత్త పద్ధతిలో వచ్చిన ఫలితాలు పక్కపక్కన పెట్టి సరిచూశారు. ఇవాళ రెండు తరాల డేటాను కలిపి పత్రాలు రాస్తున్నారు. రోజూ ఎవరో ఒకరు వాడుతున్నారు కాబట్టి, ఎక్కడ విరిగినా వెంటనే తెలుస్తుంది. సెర్న్ ప్రయోగశాల కూడా 2014లో తన సీఎంఎస్ ప్రయోగం డేటాను బయటపెట్టినప్పుడు, దాన్ని చదివే సాఫ్ట్‌వేర్‌ను వర్చువల్ మెషీన్‌లో పెట్టి ఇచ్చింది. ఆ ప్రయోగంలో లేని, అమెరికాలోని ఎంఐటీ వాళ్లు దాంతో పత్రం ప్రచురించారు.

కాబట్టి బీరువా చాలదు. చదవగలిగే మనిషి కావాలి, ఆ మనిషికి జీతం కావాలి. కొత్త కణం కనిపెట్టినవాళ్లకు బిరుదులిస్తాం, పాత కోడ్‌ను నడిచే స్థితిలో ఉంచినవాళ్లకు పదోన్నతిలో ఒక్క మార్కు కూడా వేయం. ఇది అన్యాయం.

గైడుగా ఉన్న అధ్యాపకులకు నా విన్నపం ఒక్కటే. వైవాకు ముందు ఆ విద్యార్థి కోడ్‌ను జూనియర్ చేత, వేరే యంత్రం మీద, వేరే అకౌంటులో నడిపించండి. అదే ఫలితం వచ్చాకే సంతకం పెట్టండి.