తలమోత, సైకిలు, తోపుడుబండి

కథలనూ కవితలనూ విమర్శిస్తాం గానీ ప్రభుత్వ నియమాలను ఎవరూ ఆ చూపుతో చదవరు. అది వకీళ్ల పని అనుకుంటాం. మన బతుకు గురించి ఎక్కువ వాక్యాలు రాసింది మాత్రం ఆ నియమాలు రాసినవాళ్లే. అందుకే ఇక్కడ ఒక్క నియమాన్ని, అందులోనూ ఒక్క వాక్యాన్ని తీసుకుంటున్నాను.

2006 అటవీ హక్కుల చట్టం, సెక్షన్ 3(1)(సి) చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద మనకు యాజమాన్య హక్కు ఇచ్చింది. తేనె, తునికాకు, కరక్కాయ, వెదురు – తరతరాలుగా ఏరుకుంటున్నవాటిని సేకరించుకోవచ్చు, వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు. చట్టం చేసేది పార్లమెంటు. అది ఎలా అమలు కావాలో చెప్పే నియమాలను రాసేది మంత్రిత్వ శాఖ. కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ 2008 జనవరి 1న వాటిని తెచ్చింది.

అందులో రూల్ 2(డి), అమ్ముకోవడం అంటే ఏమిటో వివరించింది. స్థానికంగా శుద్ధి చేసుకోవడం, విలువ పెంచుకోవడం, తలమోతగానో సైకిలు మీదో తోపుడుబండి మీదో అటవీ ప్రాంతంలో రవాణా చేసి, వాడుకోవడమో జీవనోపాధికి అమ్ముకోవడమో.

ఇంకోసారి మెల్లగా చదవండి. చట్టం యజమాని అన్నది, నియమం నెత్తిన మూట పెట్టింది. వడ్ల బస్తాలను ట్రాక్టరు మీద వేసుకెళ్లే రైతును చూసి, నీ హక్కు సైకిలు దాకానే అని ఎవరైనా అంటారా? కొండ మీది నుంచి సంతకు తోపుడుబండి దింపిన మనిషిని నేనైతే చూడలేదు. రాసినవారు ఘాట్ రోడ్డు ఎక్కారో లేదో! ‘అటవీ ప్రాంతంలో’ అన్న మాట మరీ చేటు. సంతలూ పెద్ద బజార్లూ అడవి బయట ఉంటాయి. మన సరుకు అడవి దాటకపోతే లారీ ఉన్న షావుకారే మన దగ్గరికి వస్తాడు, ధర అతనే చెబుతాడు.

ఎవరినీ అడగకుండానే రాశారా అంటే, అడిగారు. ముందుగా ముసాయిదా ప్రకటించాలని చట్టంలోనే ఉంది. 2007 జూన్‌లో ప్రకటించారు, అభ్యంతరాలు చెప్పమన్నారు. కేంద్ర గెజిట్ హిందీలో, ఇంగ్లీషులో వస్తుంది. కోయ, కువి, సవర, కోలామి మాట్లాడే ఊళ్లకు అది నడిచొచ్చే దారేది? తర్వాత నియమాలను పార్లమెంటు ఉభయసభల ముందూ పెట్టాలి. ఆ తోపుడుబండి అదీ దాటేసింది.

2010లో పర్యావరణ, గిరిజన శాఖలు కలిసి వేసిన ఎన్.సి. సక్సేనా కమిటీ అనేక రాష్ట్రాలు తిరిగి అమలులోని లోపాలను చెప్పింది. 2012 సెప్టెంబర్ 6న నియమాలు సవరించారు. ఇప్పుడు అడవి లోపలా బయటా, ‘తగిన రవాణా సాధనాలతో’ సరుకు తీసుకెళ్లవచ్చు. పర్మిట్ ఇచ్చేది గ్రామసభ కమిటీ. రాయల్టీ, రుసుము లేవు. మంచి మార్పే. కానీ మధ్యలో ఐదు చింతపండు సీజన్లు పోయాయి.

అదే సవరణలో గ్రామసభ కోరం మూడింట రెండు వంతుల నుంచి సగానికి తగ్గింది. వలసలు వెళ్లే ఊళ్లకు ఇది వెసులుబాటే. ఊరంతా రాకుండానే తీర్మానం కావాలనుకునేవారికీ వెసులుబాటే కాబట్టి దీన్ని నేను పూర్తిగా మెచ్చుకోలేను.

ఇచ్చిన కలమే వెనక్కీ తీసుకోగలదు. గనికో డ్యాముకో అడవిని ఇవ్వాలంటే ప్రతిపాదనతోపాటే గ్రామసభ సమ్మతి ఉండాలని 2009లో పర్యావరణ శాఖ సర్క్యులర్ ఇచ్చింది. 2022 జూన్‌లో అదే శాఖ తెచ్చిన అటవీ సంరక్షణ నియమాలు ఆ బాధ్యతను కేంద్రం ఆమోదించాక రాష్ట్రం చూసుకునే పనిగా మార్చాయి. జాతీయ ఎస్టీ కమిషన్ అభ్యంతరం చెప్పింది. అన్నీ ఖాయమయ్యాక అడిగే సమ్మతిని సమ్మతి అనవచ్చా?

ఉపాధ్యాయ మిత్రులు 2008 నాటి వాక్యాన్నీ 2012 నాటి వాక్యాన్నీ బోర్డు మీద పక్కపక్కన రాసి, పిల్లలను తమ ఇంటి భాషలో చెప్పమనండి. ‘తలమోత’కు వెంటనే మాట దొరుకుతుంది. ‘తగిన’ దగ్గర ఆగుతారు. ఎవరికి తగినది, ఎవరు తేలుస్తారు అని అడుగుతారు. చెక్‌పోస్టు దగ్గర లేచే ప్రశ్న కూడా అదే.