ఓడ పేరున్న మందిరం

కర్జకాన్ బహ్రెయిన్‌లో పడమటి సముద్రపు ఒడ్డున ఉన్న ఊరు. అక్కడికి ఆగ్నేయంగా కొద్ది కిలోమీటర్ల దూరంలో, అవాలీలో, అవర్ లేడీ ఆఫ్ అరేబియా కెథడ్రల్ ఉంది. బహ్రెయిన్ రాజు ఇచ్చిన 9,000 చదరపు మీటర్ల స్థలంలో కట్టి, 2021 డిసెంబరులో ప్రతిష్ఠించారు. మోషే కాలంనాటి ప్రత్యక్ష గుడారాన్ని తలపించే అష్టభుజి కట్టడం అది. 2,300 మంది కూర్చోవచ్చు.

ఇలాంటి మందిరాల్లో భక్తులు కూర్చునే భాగాన్ని చర్చి శిల్పులు ‘నేవ్’ అంటారు. లాటిన్‌లో ‘నావిస్’ అంటే ఓడ. మన నావ, నౌక దానికి తోబుట్టువులే. జర్మన్లు నేటికీ తమ భాషలో ఓడకు వాడే ‘షిఫ్’ అనే మాటనే దీనికీ వాడతారు.

ఎందుకీ పేరు? పైకప్పు బోర్లించిన ఓడలా కనిపిస్తుంది గనుక అని కొందరంటారు. నాకు మాత్రం అంతకంటే పాత కారణం బలంగా తోస్తుంది. సంఘాన్ని ఓడతో పోల్చడం తొలినాళ్ల నుంచీ ఉంది. 4వ శతాబ్దపు సంఘ నియమాల గ్రంథం ఒకటి మందిరం పొడవుగా, తూర్పుముఖంగా, ఓడలా ఉండాలంటుంది. బిషప్ ఓడ నాయకుడు, డీకన్లు నావికులు, మిగిలినవాళ్లు ప్రయాణికులు. వెనకాల నోవహు ఓడ జ్ఞాపకం ఉండనే ఉంది.

మధ్యయుగాల ఇంగ్లండులో బలిపీఠం ఉన్న భాగం బాగోగులు గురువు చూసుకోవాలి, నేవ్ బాగోగులు ఊరివాళ్లు చూసుకోవాలి. అంటే ఆ చోటు జనానిది. మన మెదక్ చర్చి కూడా అలాంటిదే. మిషనరీ పోస్నెట్ దొర పూనికతో 1914లో పని మొదలై, 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగింది. కరువు రోజుల్లో ఆకలితో వచ్చినవాళ్లకు పని ఇచ్చి, తిండి పెట్టి కట్టించారు. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పున్న ఆ మందిరంలో 5,000 మంది పడతారు. దాన్ని లేపింది కూలీల చేతులు.

ఊరు వదిలి సముద్రం దాటి గల్ఫ్‌కు వచ్చిన మాకు ఈ పేరు మరీ దగ్గరిది. మేస్త్రీ, నర్సు, డ్రైవరు, ఇంట్లో పనిచేసే అక్క, అందరూ సెలవు దొరికిన పూట పక్కపక్కనే కూర్చుంటారు. జీతాలు వేరు, భాషలు వేరు, వీసాలు వేరు. అయినా ఎక్కిన ఓడ ఒకటే.

అందుకే మన చర్చిల్లో ముందు వరస కుర్చీలు పెద్దమనుషుల కోసం అట్టేపెట్టడం నాకు నచ్చదు. ఓడ మునిగితే ఎవరి కుర్చీ తేలదు. కొత్త మందిరం కట్టే సంఘాలు శిఖరం ఎత్తు గురించి మాట్లాడుకునే ముందు, చివరగా వచ్చిన కూలీకి ఎక్కడ చోటుందో చూసుకోవాలి. కట్టడానికి ఓడ పేరు పెట్టిన పూర్వులు మనకు అప్పగించిన పని అదేనని నా నమ్మకం.