వెక్కై నుంచి నారప్ప దాకా: భూమి ఎక్కడ జారిపోయింది?

పుస్తకాన్ని సినిమా తీస్తే ఎంత మార్చారు, ఎంత ఉంచారు అని లెక్క తీయడం మన విమర్శకులకు అలవాటు. దళిత పాఠకుడు అడగాల్సిన ప్రశ్న వేరే ఉండాది. ఆ మార్పులో ఎవరికి ఏం దక్కింది? ఎవరి చేతిలోంచి ఏం జారిపోయింది? ఈ ప్రశ్నతోనే ఒకే కథ వేసిన మూడు వేషాలు చూద్దాం: పూమణి తమిళ నవల 'వెక్కై' (1982), దాని ఆధారంగా వెట్రిమారన్ తీసిన 'అసురన్' (2019), దాన్ని శ్రీకాంత్ అడ్డాల తెలుగులో మళ్లీ తీసిన 'నారప్ప' (2021).

ముందు పేర్లే చూడండి. వెక్కై అంటే ఉడుకు, సెగ. అది ఒకడిది కాదు, వాడంతటికీ తగిలేది. అసురన్ అంటే రాక్షసుడు. పురాణం ఎవర్ని చంపి పండగ చేసుకుందో వాళ్ల వైపు నిలబడి పెట్టిన పేరు. నారప్ప ఒక మనిషి పేరు, అంతే. సెగ పోయి రాక్షసుడు వచ్చినాడు, రాక్షసుడు పోయి హీరో మిగిలినాడు. కథ నడిచిన దారి అంతా ఈ మూడు పేర్లలోనే ఉండాది.

నవలలో కథ పదిహేనేళ్ల చిదంబరానిది. అన్నను చంపించిన భూస్వామిని వాడు నరుకుతాడు. ఆ తర్వాత తండ్రీ కొడుకులు అడవుల్లో, చేలల్లో దాక్కుంటూ తిరుగుతారు. ఏం తిన్నారు, నీళ్లు యాడ దొరికినాయి, రాత్రి ఎక్కడ తల వాల్చినారు - నవల బలమంతా ఈ చిన్న విషయాల్లోనే ఉండాది. చదువుతా ఉంటే మన చిత్తూరు జిల్లా కేశవరెడ్డి రాసిన 'అతడు అడవిని జయించాడు' గుర్తొస్తుంది. అందులోనూ అంతే: ఒక ముసలోడు, వాడు సాకిన పంది, ఒక రాత్రి, అడవి. పూమణి కులం పేరు చెప్పడు. అయినా ప్రతి పేజీలో కులం తెలుస్తానే ఉంటుంది. చివరికి తండ్రీ కొడుకులు కోర్టుకు బయల్దేరతారు.

వెట్రిమారన్ దీన్ని బాగానే మార్చినాడు. కథను కొడుకు కళ్లలోంచి తీసి తండ్రి భుజాల మీద పెట్టినాడు. ధనుష్ కోసం అది తప్పలేదేమో. వాడ పిల్లోడి భయం, వాడి తెగింపు పక్కకు పోయినాయి. అది నష్టమే. కానీ ఆయన నవలలో లేనివి రెండు తెచ్చి చేర్చినాడు. ఒకటి, గుడిసెల్ని మనుషులతో సహా కాల్చే ఘట్టం. అది 1968 డిసెంబర్ 25న తంజావూరు జిల్లా కీళ్‌వెణ్మణిలో 44 మందిని సజీవ దహనం చేసిన జ్ఞాపకం. రెండోది, పంచమి భూమి. పుస్తకానికి దూరం జరిగినాడు, చరిత్రకు దగ్గరైనాడు. ఇలాంటి మార్పును మనం ద్రోహం అనకూడదు.

ఈ పంచమి భూమి దగ్గర చిత్తూరోళ్లం ఒక నిమిషం ఆగాల. 1891లో చెంగల్పట్టు కలెక్టర్ ట్రెమెన్‌హీర్ అక్కడి పరయల దుస్థితి మీద నివేదిక ఇచ్చినాడు. 1892లో మద్రాసు ప్రభుత్వం అణగారిన కులాలకు భూములిచ్చే ఉత్తర్వు తెచ్చింది. పదేళ్ల దాకా అమ్మకూడదు, ఆ తర్వాత అమ్మినా ఆ కులాల వాళ్లకే అమ్మాల. ఇది తమిళోళ్ల సంగతి కదా అంటారా? మన సత్యవేడు ప్రాంతం 1960 దాకా ఆ చెంగల్పట్టు జిల్లాలోదే. సరిహద్దుల సర్దుబాటులో తిరుత్తణి అటు పోయింది, సత్యవేడు ఇటు వచ్చింది. ఇప్పుడది తిరుపతి జిల్లా. చిత్తూరు జిల్లా పుట్టిందే 1911లో, ఎక్కువ భాగం ఉత్తర ఆర్కాటును చీల్చి. అంటే అసురన్‌లోని భూమి సమస్య మనకు అరువు తెచ్చుకున్నది కాదు. మన చేతిలోని డి.కె.టి. పట్టా దానికి తమ్ముడే. ఆ పట్టా భూములు చేతులు మారకుండా 1977లో అసైన్డ్ భూముల చట్టం తేవాల్సి వచ్చిందంటే అవి ఎంతగా చేతులు మారినాయో అర్థం చేసుకోవచ్చు.

మరి నారప్ప ఏం చేసినాడు? కథను అనంతపురం వైపుకు తెచ్చినారు. పేర్లు మార్చినారు, యాస మార్చినారు. మిగతాది చాలామటుకు తమిళ సినిమా ఫ్రేము వెంట ఫ్రేము. ఒక పెద్ద తెలుగు హీరో ఇలాంటి తండ్రి వేషం కట్టడం అరుదే, కాదనను. కానీ పక్క రాష్ట్రం తన నేల తవ్వి తీసిన దాన్ని మనం మన నేల తవ్వకుండానే ఎత్తుకొచ్చినాం. తమిళ దర్శకుడు నవలకు కీళ్‌వెణ్మణిని చేర్చగా లేనిది, తెలుగు దర్శకుడు కారంచేడు (1985), చుండూరు (1991) వైపు ఎందుకు చూడకూడదు? డి.కె.టి. పట్టా చుట్టూ కథను ఎందుకు తిప్పకూడదు? అసలుకు అతుక్కుపోవడమే ఇక్కడ అసలును పోగొట్టుకోవడం అయింది.

ఇంకో చిక్కు ఉండాది. 'సమరసింహారెడ్డి' (1999), 'ఇంద్ర' (2002) చూసి చూసి తెలుగు ప్రేక్షకుడికి సీమ అంటే కొడవలి, సుమో, పగ. ఆ కళ్లతో చూస్తే నారప్ప చేతిలో కొడవలి కూడా ఫ్యాక్షన్ కొడవలే అయిపోతుంది. వాడలో మనిషి ప్రాణం కాపాడుకోడానికి పట్టిన కొడవలికీ, దొర పెత్తనం కోసం పట్టిన కొడవలికీ తేడా తెలియాలంటే, వాడు నిలబడిన భూమి కథ చెప్పాల.

మా పక్క అరుంధతివాడలో ఒకింట్లో ఈ సినిమా చిన్న ఫోనులో పెట్టుకుని అందరూ చూస్తా ఉంటే, ఒక అవ్వ అడిగింది: "ఇంతకీ ఆ చేనికి పట్టా ఉండాదా, లేదా?" ఎవరూ జవాబు చెప్పలేదు. ఫైటు వస్తా ఉండాది. ట్రంకు పెట్టెలో మడిచి పెట్టుకున్న కాయితమే ఆస్తిగా బతికిన మనిషికి తప్ప ఆ ప్రశ్న తట్టదు. సినిమా సమీక్ష రాసినోళ్లకు తట్టిందా?

చివరి మాట చదువు గురించి. భూమినీ డబ్బునూ లాక్కుంటారు, చదువును మాత్రం ఎవరూ లాక్కోలేరని తండ్రి కొడుక్కి చెప్పడంతో సినిమా ముగుస్తుంది. వినడానికి కడుపు నిండే మాట. అంబేద్కర్ చదవమన్నాడు, నిజమే. దాని పక్కనే పోరాడమని, సంఘటితం కమ్మని కూడా అన్నాడు. ఈ సినిమాలు రాకముందే, హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీ హాస్టలు నుంచి వెళ్లగొట్టిన ఐదుగురు పరిశోధకుల్లో ఒకడు రోహిత్ వేముల, 2016 జనవరి 17న ప్రాణం తీసుకున్నాడు. చదువునూ లాక్కుంటారు. భూమి పోతే పోయింది, చదువుకో అనడం ఓదార్పు అవుతుందే గాని న్యాయం కాదు.

వెక్కైలో పిల్లోడు ఇవేమీ చెప్పడు. తండ్రి పక్కన నడుస్తాడు, అంతే. ఆ నడక మన నేల మీద ఇంకా తెరకెక్కలేదు. సత్యవేడు తట్టు పట్టాలు తెలిసిన మన బిడ్డలే కెమెరా పట్టినప్పుడు, ఆ అవ్వ ప్రశ్నతో మొదలుపెట్టమని నా మనవి.