దూరవిద్యలో పిహెచ్.డి.: మాట, నిబంధన, వాస్తవం

వ్యాససంగ్రహం:
ఉద్యోగం చేస్తూ డాక్టరేటు పొందగోరే అధ్యాపకులను ‘దూరవిద్యలో పిహెచ్.డి.’ అనే మాట ఆకర్షిస్తుంది. యు.జి.సి. నిబంధనల ముందు ఆ మాట ఎంతవరకు నిలుస్తుందో, ఎంపికకు ఏవి ఆధారం కావాలో విమర్శనాత్మకంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: దూరవిద్య, పార్ట్‌టైమ్ పరిశోధన, యు.జి.సి., పర్యవేక్షణ, శోధ్‌గంగ.

1. ఉపోద్ఘాతం
దేశంలోని తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో ఏర్పడింది. నేడది డా. బి.ఆర్. అంబేద్కర్ పేరుతో కొనసాగుతోంది. కళాశాల గడప తొక్కలేనివారికి ఉన్నతవిద్యను అందించిన ఈ పద్ధతి డిగ్రీకి చెల్లినట్లే డాక్టరేటుకూ చెల్లుతుందనుకోవడం సహజం. అయితే నిబంధనలు అందుకు భిన్నంగా ఉన్నాయి.

2. నిబంధనల్లో దూరవిద్య
2016 నాటి యు.జి.సి. నిబంధనలు దూరవిద్యా విధానంలో ఎం.ఫిల్., పిహెచ్.డి. నిర్వహించరాదని స్పష్టం చేశాయి; పార్ట్‌టైమ్ పరిశోధనను మాత్రం అనుమతించాయి. 2022 నిబంధనలూ ఆ అనుమతిని కొనసాగించాయి. విదేశీ విద్యాసంస్థలతో కలిసి ఎడ్‌టెక్ సంస్థలు ప్రకటించే ఆన్‌లైన్ పిహెచ్.డి.లకు గుర్తింపు లేదని 2022 అక్టోబరులో యు.జి.సి., ఎ.ఐ.సి.టి.ఇ. సంయుక్తంగా హెచ్చరించాయి. కాబట్టి ‘ఏ దూరవిద్యా పిహెచ్.డి. మంచిది?’ అన్న ప్రశ్నే ఇక్కడ పొసగదు. ‘ఏ పార్ట్‌టైమ్ పరిశోధన, ఎవరి పర్యవేక్షణలో?’ అన్నదే సరైన ప్రశ్న.

3. ఎంపికకు ఆధారాలు
విశ్వవిద్యాలయానికి గుర్తింపు ఉండడం తొలి మెట్టు మాత్రమే. 2022 నిబంధనల ప్రకారం ఆచార్యులు 8 మందికి, సహ ఆచార్యులు 6 మందికి, సహాయ ఆచార్యులు 4 గురికి మించి పర్యవేక్షించరాదు. కోర్సువర్కుకు కనీసం 12 క్రెడిట్లు, మొత్తం పరిశోధనకు కనీసం మూడేళ్లు అవసరం. ఏడాదిన్నరలో పట్టా చేతికిస్తామనే ప్రకటనను తోసిపుచ్చడానికి ఈ ఒక్క నియమం చాలు.

నాణ్యతను తేల్చేది మాత్రం శోధ్‌గంగ. ఎంచుకోదలచిన పర్యవేక్షకుల వద్ద వెలువడిన సిద్ధాంతగ్రంథాలు అందులో లభిస్తే చదవాలి. తెలుగులో ‘ఫలానా రచయిత రచనలు - సమగ్ర పరిశీలన’ వంటి శీర్షికలు కొల్లలు. కవి జీవితం, రచనల పరిచయం, కథాసంగ్రహాలతో అధ్యాయాలు నిండి, ముగింపు వాటి పునరుక్తిగా మిగిలితే అక్కడ పర్యవేక్షణ నామమాత్రమని గ్రహించాలి. శీర్షికలో ప్రశ్న, ముగింపులో దానికి సమాధానం ఉన్న గ్రంథం మంచి పర్యవేక్షణకు గుర్తు. ఆకరాలకు దూరం కూడా లెక్కించదగినదే. వేటపాలెం సారస్వత నికేతనంలోనో, రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయంలోనో పాత పత్రికలు తిరగేయవలసిన అంశాన్ని ఆదివారాలకు పరిమితం చేయడం సాధ్యం కాదు.

4. నిబంధనల పరిమితి
పార్ట్‌టైమ్ అభ్యర్థి పనిచేసే సంస్థ నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి. పరిశోధనకు తగిన సమయం ఉందని, అవసరమైతే కోర్సువర్కుకు విధుల నుంచి విడుదల చేస్తామని సంస్థ అందులో హామీ ఇవ్వాలి. ఇది స్థిరమైన ఉద్యోగాన్ని ఊహించి రాసిన నియమం. ఏటేటా పునర్నియామకం కోసం ఎదురుచూసే అతిథి అధ్యాపకులకు ఆ హామీ ఎవరిస్తారు? గుర్తింపులేని దారులవైపు వారిని నెట్టే కారణాల్లో ఇదొకటి కాగలదు. మరోవైపు, పూర్తికాల విద్యార్థిగా నమోదై పర్యవేక్షకుణ్ణి ఏడాదికి రెండుసార్లు కలిసేవారి చదువు కాగితంపై తప్ప అన్నివిధాలా దూరవిద్యే. నిబంధన విధానాన్ని కొలిచినంత నిక్కచ్చిగా సాన్నిహిత్యాన్ని కొలవడం లేదు.

5. ముగింపు
దూరవిద్యా పిహెచ్.డి.పై నిషేధం సమంజసమే. అది ఫలించాలంటే అస్థిర ఉద్యోగులకు నిరభ్యంతర పత్రం విషయంలో వెసులుబాటు కల్పించాలి. ప్రతి సెమిస్టరులో పరిశోధన సలహాసంఘం ముందు జరగవలసిన ప్రగతి సమీక్షను సంతకాల తంతుగా మిగల్చకూడదు. అభ్యర్థి సైతం ప్రకటన కన్నా ముందు సిద్ధాంతగ్రంథాన్ని చదవాలి.